అరగని భోజనం, తీరని బాకీ

ఒక లావుపాటి యువకుడు భోజనం ముగించి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. పొట్ట ఉబ్బి వెయిస్ట్‌కోటు తెరుచుకుపోయింది, ఒక్క గుండీ మాత్రం బట్టను బలవంతాన పట్టి ఉంచింది. మాంసం తిన్న ఫోర్కుతోనే పళ్ల సందులు కెలుక్కుంటున్నాడు. పళ్లెంలో ఎముకలు, బల్ల మీద సారా పాత్రలు, బల్ల కింద దొర్లుతున్న ఖాళీ సీసాలు. నేల మీద పాచికలు, గుర్రప్పందేల కాగితం, పేకాట పద్దు. ఒకపక్క రకరకాల రోగాలకు మందుబుడ్లు. వీటన్నిటి వెనక, అతని వీపుకు దగ్గరగా, నిండిన మూత్రపాత్ర. దాని కింద గాలికి ఎగిరిపోకుండా అణిచిపెట్టినట్టు కొన్ని కాగితాలున్నాయి. అవి మాంసం కొట్టువాడు, రొట్టెలవాడు, కోళ్లవాడు పంపిన బాకీ చిట్టాలు. ఒక్కటీ చెల్లించలేదు.

ఈ బొమ్మ 1792 జూలై 2న లండన్‌లో, హన్నా హంఫ్రీ అనే ఆమె నడిపే ముద్రణాచిత్రాల దుకాణం నుంచి వెలువడింది. గీసినవాడు జేమ్స్ గిల్రే. బొమ్మలో ఉన్నది బ్రిటన్ యువరాజు, వేల్స్ ప్రిన్స్ జార్జ్. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు నిండటానికి ఇంకా నెల పైన గడువుంది. జీర్ణబాధతో తల్లడిల్లుతున్న ఒక భోగి అనే అర్థం వచ్చేలా గిల్రే దీనికి పేరు పెట్టాడు. కిటికీలోంచి కార్ల్‌టన్ హౌస్ స్తంభాలు కనిపిస్తాయి. అది యువరాజు నివాసం, జనం సొమ్ముతో ఏళ్ల తరబడి కడుతూ వచ్చిన భవనం. గోడ మీద రాజచిహ్నంలో ఈకల వెనక కత్తీ ఫోర్కూ అడ్డంగా పెట్టాడు. వేల్స్ యువరాజు చిహ్నానికి తరతరాలుగా ఉన్న నినాదం ‘నేను సేవిస్తాను’ అనేది.

ఈ బొమ్మని చూసినవారు సాధారణంగా పొట్ట దగ్గరే ఆగిపోతారు. రెండు శతాబ్దాలుగా దీన్ని తిండిబోతుతనం మీద వ్యాఖ్యగానే చదువుతున్నారు. కానీ ఇందులో అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. అతి అంటే ఏమిటి? ఎంత తింటే అది అతి అవుతుంది? కొలత పళ్లెంలో ఉందా, పొట్టలో ఉందా, లేక ఆ మూత్రపాత్ర కింది కాగితాల్లో ఉందా?

గిల్రే ఈ ప్రశ్న వేయగలవాడే. అతని తండ్రి సైనికుడు. 1745లో ఫాంటెనాయ్ యుద్ధంలో ఒక చేయి పోగొట్టుకున్నాడు. తర్వాత చెల్సీలో మొరేవియన్ క్రైస్తవ సమాజం వారి శ్మశానవాటికకు కాపరిగా కుదిరాడు. మొరేవియన్లు కఠిన నియమాల భక్తులు. ఆటల్నీ అలంకారాల్నీ అనుమానంగా చూసే మనుషులు. ఈ లోకం తాత్కాలికమనీ, మరణం విడుదల అనీ పిల్లలకు నూరిపోసే ఇళ్లలో గిల్రే పెరిగాడు, వాళ్ల బడిలోనే కొంతకాలం చదివాడు. 1778లో రాయల్ అకాడమీ విద్యార్థి అయ్యాడు. రాగిరేకు మీద మైనపు పూత పూసి, సూదితో గీత గీసి, ఆ గీతను ఆమ్లంతో కొరికించే ఎచింగ్ పనిలో అతనికి సాటి వచ్చినవారు ఆ కాలంలో లేరు. దేహాన్ని అంత నిర్దాక్షిణ్యంగా, అంత భారంగా గీసే ఆ చేతిలో చిన్ననాటి శ్మశానం ఉందనిపిస్తుంది.

యువరాజు కూర్చున్న గదిలో గోడకు ఒక ముసలాయన చిత్రపటం వేలాడుతుంది. చేతిలో మంచినీళ్ల గ్లాసు. ఆయన లుయీజీ కొర్నారో, పదహారో శతాబ్దపు వెనిస్ ప్రభువంశీయుడు. నడివయసు రాకముందే తిండీ తాగుడూ శ్రుతిమించి చావు అంచుకు చేరాడు. వైద్యులు ఆశ వదులుకుంటే, రోజుకు 12 ఔన్సుల ఆహారం, 14 ఔన్సుల ద్రాక్షసారా చొప్పున కొలత పెట్టుకుని బతికాడు. అంటే తిండి 340 గ్రాములు దాటేది కాదు. 1558లో మితజీవనం మీద పుస్తకం రాశాడు. 1566లో పోయేనాటికి ఆయనకు తొంభై దాటాయని చాలాకాలం నమ్మారు, ఎనభై పైచిలుకేనని ఇప్పటి పరిశోధకులు అంటున్నారు. ఏదైనా దీర్ఘాయువే. ఇంగ్లండులో ఆ పుస్తకం ఇంటింటి గ్రంథమైంది. ఆయన రోజూ ద్రాక్షసారా తాగిన సంగతి పక్కనపెట్టి గిల్రే ఆయన చేతిలో నీళ్లు పెట్టాడు. చిత్రానికి ఆ వైరుధ్యం అవసరమైంది.

కొర్నారో అతికి చెప్పిన విరుగుడు సరళమైనది. తక్కువ తిను, ఎక్కువ కాలం బతుకు. గిల్రే బొమ్మకు దాదాపు శతాబ్దం తర్వాత జర్మన్ తత్వవేత్త నీషే ఈ విరుగుడు మీద గట్టి దెబ్బ వేశాడు. 1889లో వచ్చిన తన పుస్తకంలో, కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసే పొరపాటుకు కొర్నారోనే మొదటి ఉదాహరణగా తీసుకున్నాడు. కొద్దిగా తిన్నందువల్ల ఆయన ఎక్కువ కాలం బతకలేదనీ, ఆయన శరీరం ఖర్చు చేసేదే తక్కువ కాబట్టి ఎక్కువ తింటే జబ్బు చేసేదనీ నీషే వాదన. శరీరశాస్త్రం విషయంలో ఎవరిది ఒప్పో అలా ఉంచితే, నీషే ఒక విషయాన్ని తేటతెల్లం చేశాడు. కొర్నారో మితాహారం ఆయన ఒంటికి నప్పిన ఏర్పాటు, దాన్ని సద్గుణమనటానికి ఇంకేదో కావాలి.

ఆ ఇంకేదో ఏమిటో తెలియాలంటే గిల్రే అదే నెల 28న విడుదల చేసిన జంట చిత్రం చూడాలి. ఇందులో యువరాజు తండ్రి, మూడో జార్జ్ రాజు భోంచేస్తున్నాడు. భోజనం ఒక ఉడికిన గుడ్డు. ఆయన నిక్కరుకు మాసిక వేసి ఉంది. రాణి షార్లెట్ ఆకుకూర నోట్లో కుక్కుకుంటోంది. కూజాలో ఉన్నది మంచినీళ్లు. పొయ్యిలో నిప్పు లేదు. కుర్చీ మాసిపోకుండా పైన తొడుగు వేసి ఉంచారు. గోడల మీద చిత్రపటాల చట్రాలున్నాయి, వాటి కింద మన్నా కురవటం, దయాగుణ విజయం వంటి ఉదాత్త విషయాల పేర్లున్నాయి, చట్రాల లోపల మాత్రం బొమ్మల్లేవు. మితత్వం భోంచేస్తోందని దీని పేరు.

కొడుకు గదిలో అంతా నిండుగా ఉంది, తండ్రి గదిలో అంతా వెలితిగా ఉంది. కొర్నారో కొలతతో చూస్తే తండ్రి నెగ్గాడు. అయినా గిల్రే ఆయన్ని వదల్లేదు, వదలకపోవటమే ఈ జంట చిత్రాల్లోని అసలు ఆలోచన. ఇద్దరి గదుల్లోనూ ఒకటే లోపం. ఏ బల్ల దగ్గరా అతిథి లేడు. కొడుకు తినేదీ, తండ్రి తినకుండా దాచేదీ మూడో మనిషి దాకా పోవటం లేదు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం నాలుగో భాగంలో దుబారానూ పిసినారితనాన్నీ ఔదార్యానికి చెరో వైపునా నిలబెట్టాడు. మన భర్తృహరి నీతిశతకం ధనం పోయే దారుల్ని దానం, భోగం, నాశం అని మూడుగా లెక్కగట్టింది. పద్దెనిమిదో శతాబ్దంలోనే ఏనుగు లక్ష్మణకవి ఆ శతకాన్ని తెలుగు చేయగా అది మన బడిపిల్లల నోళ్లకెక్కింది. భర్తృహరి దృష్టిలో దాచిన సొమ్ముకు అన్నిటికంటే తక్కువ గౌరవం. గిల్రే ఈ గ్రంథాలు చదివి గీశాడని అనటానికి ఆధారం లేదు. కానీ ఆ రెండు గదుల్లో భోగం ఒకచోట, దాపరికం ఒకచోట ఉన్నాయి. దానం స్థానంలో ఉన్నది ఖాళీ చట్రం.

రాజు విషయంలో గిల్రే న్యాయంగా లేడని చెప్పాలి. మూడో జార్జ్ ఒళ్లు పెరుగుతుందన్న భయంతో మితంగా తినేవాడు. సొంత పద్దులోంచి దానధర్మాలు చేసేవాడు. అయితే ఆయన పొదుపుతో రాజభవనం ఖర్చు తగ్గిందీ లేదు. ఆయన రాజ్యవ్యయ పద్దు మీద పడ్డ అప్పుల్ని పార్లమెంటు 1769లో 5 లక్షల పౌండ్లకు పైగా, 1777లో 6 లక్షలకు పైగా తీర్చింది. గుడ్డు ఒక్కటే తిన్నా చిట్టా మాత్రం పెరుగుతూనే పోయింది.

మళ్లీ చిట్టాల దగ్గరికి వద్దాం. యువరాజు అప్పులు ఊహలు కావు. 1786లో బాకీలు మోయలేక కార్ల్‌టన్ హౌస్ మూసేసి గుర్రాల్ని అమ్మేశాడు. మరుసటి ఏడాది పార్లమెంటు అతని అప్పుల కోసం 1,61,000 పౌండ్లు ఇచ్చింది. అప్పట్లో ఒక వ్యవసాయ కూలీ ఏడాదంతా కష్టపడితే ఇరవై, పాతిక పౌండ్లు వచ్చేవి. అంటే ఆరు నుంచి ఎనిమిది వేల మంది కూలీల ఏడాది సంపాదన అది. ఇక అప్పు చేయనని యువరాజు మాట ఇచ్చాడు. గిల్రే బొమ్మ వచ్చేనాటికి ఆ మాట నీటిమూట అయింది. 1795 నాటికి బాకీ 6 లక్షల పౌండ్లు దాటింది. అది తీరాలంటే పెళ్లి చేసుకోక తప్పదని తేలాక బ్రన్స్‌విక్ రాకుమారి కరోలిన్‌ను పెళ్లాడాడు. ఆ కాపురం రెండేళ్లయినా సాగలేదు.

ఇలాంటి భోగాన్ని సమర్థించే తత్వం కూడా ఆ శతాబ్దంలోనే పుట్టింది. 1714లో బెర్నార్డ్ మాండెవిల్ తేనెటీగల కథ అనే పుస్తకంలో ఒక మాట తెగేసి చెప్పాడు. ధనవంతుడి డంబమే పేదవాడికి పని ఇస్తుంది, అందరూ నీతిమంతులై కొద్దిగా తిని ఊరుకుంటే దర్జీ, వడ్రంగి, వంటవాడు పస్తులుంటారు అని. 1723లో మిడిల్‌సెక్స్ జ్యూరీ సభ్యులు ఈ పుస్తకం ప్రజలకు హానికరమని ఫిర్యాదు చేశారు. కానీ వాదన చావలేదు. నేటికీ ఆడంబరమైన పెళ్లి గురించి మాట వస్తే, దానివల్ల ఎంతమందికి ఉపాధి దొరికిందో చెప్పేవారు ఉంటారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది కూడా. ఖర్చు పెట్టినవాడి సొమ్ము పనివాడి చేతికి చేరితే అది నిజం. గిల్రే బొమ్మ ఈ వాదనను సరిగ్గా అక్కడే నిలదీస్తుంది. చెల్లించని బిల్లు ఎవరికి ఉపాధి? మాంసం కొట్టువాడు యువరాజు గారికి అప్పు ఇచ్చే దొర అయ్యాడు, వడ్డీ లేకుండా.

ఇక్కడే మతాల మాట వినవలసి ఉంది. నాలుగో శతాబ్దంలో సిజేరియా బిషప్ బేసిల్, కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకుందామనుకున్న ధనికుడి కథ మీద ప్రసంగిస్తూ, నీ దగ్గర మిగిలిన రొట్టె ఆకలిగొన్నవాడిదేనని వాదించాడు. ఇవ్వకపోవటాన్ని ఆయన పిసినారితనం అని సరిపెట్టలేదు, దొంగతనమన్నాడు. భగవద్గీత మూడో అధ్యాయంలో యజ్ఞచక్రం గురించి చెప్పేచోట కూడా, పొందినదాన్ని తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడికి వాడిన మాట దొంగ అనే. దేశాలు వేరు, కాలాలు వేరు, దైవభావనలు వేరు. అయినా రెండుచోట్లా తిన్న తిండి బరువు తూచలేదు. ఎవరిది తిన్నావని అడిగారు. అతి అనేది పరిమాణానికి సంబంధించింది కాదనీ, సంబంధానికి సంబంధించిందనీ దీని అర్థం. ఒకడు విందు చేసి పదిమందిని కూర్చోబెట్టి వంటవాడి కూలి అప్పటికప్పుడు ఇస్తే అది అతి కాకపోవచ్చు. ఇంకొకడు గుడ్డు ఒక్కటే తిన్నా అది అతి కావచ్చు.

ఆ లండన్‌లోనే ఈ లెక్కను సరిగ్గా వేసి చూపినవాడు ఒకడున్నాడు. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ, ఈ బొమ్మ రావటానికి పదహారు నెలల ముందు, 1791 మార్చిలో కన్నుమూశాడు. 1738లో అతని జీవితాన్ని మలుపు తిప్పినవాళ్లు గిల్రే తండ్రి నమ్మిన మొరేవియన్లే. వెస్లీ తన ప్రసంగాల్లో ఆక్స్‌ఫర్డ్ యువకుడొకడి కథ చెప్పేవాడు, అది తన కథేనని అందరూ అంటారు. ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి. 28తోనే బతికాడు, 32 ఇచ్చాడు. మూడో ఏడు 90, నాలుగో ఏడు 120. బతుకు ఖర్చు 28 దాటలేదు, మిగిలిందంతా లేనివాళ్లకు పోయింది. రాజు గుడ్డుకూ వెస్లీ 28 పౌండ్లకూ పైకి తేడా కనిపించదు. ఇద్దరూ తక్కువ ఖర్చు పెట్టినవాళ్లే. ఒకడి పొదుపు తలుపు మూసుకుంది, ఇంకొకడి పొదుపు తలుపు తెరిచింది.

అయితే చిట్టాలు ఎప్పుడూ మూత్రపాత్ర కింద కంటికి కనిపించేలా ఉండవు. చాలా భోజనాలకు చిట్టా సముద్రాలకు అవతల ఉంటుంది. 1791, 92లలో బ్రిటన్‌లో లక్షల మంది చక్కెర మానేశారు. వెస్టిండీస్ చక్కెర బానిసల రక్తంతో తయారవుతోందని విలియం ఫాక్స్ రాసిన చిన్న పుస్తకం ఊరూరా తిరిగింది. పార్లమెంటు కదలకపోతే వంటిల్లు కదిలింది. ఈ ఉద్యమం మీద కూడా గిల్రే 1792 మార్చిలో బొమ్మ వేశాడు. రాజూ రాణీ చక్కెర లేని టీ తాగుతూ, మొహాలు ముడుచుకున్న కూతుళ్లకు నచ్చజెబుతుంటారు. బానిసలకు శ్రమ తప్పుతుంది, అంతకుమించి మీ నాన్నకు ఖర్చు కలిసొస్తుంది అన్నది రాణి మాటల సారం. దయనూ పొదుపునూ కలగలిపి మాట్లాడే మనసును గిల్రే బాగా పట్టుకున్నాడు. కానీ ఆ కప్పు వెనక ఉన్న చెరుకుతోట మనిషిని అతని బొమ్మ చూపలేదు. తమంతట తాము నోరు కట్టుకున్న లక్షల సామాన్యుల నిజాయితీని కూడా చూపలేదు. ఇక్కడ గిల్రే కంటే ఆ గృహిణులే దూరం చూశారు.

సముద్రాలకు అవతలి చిట్టాల్లో ఒకటి తెలుగు నేలది. 1797 జూన్‌లో గిల్రే హైడ్ పార్కులో గుర్రం మీద షికారు చేస్తున్న ఒక నడమంత్రపు ధనికుణ్ని గీసి, రూపాయి ప్రభువు అనే అర్థంలో ‘కౌంట్ రూపీ’ అని పేరు పెట్టాడు. ఆ మనిషి పాల్ బెన్‌ఫీల్డ్. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ చిన్న ఉద్యోగి, జీతం ఏడాదికి కొన్ని వందల పౌండ్లు. అలాంటివాడు 1776లో తంజావూరు రాబడి మీదా అక్కడి మనుషుల మీదా తనకు సుమారు 2,34,000 పౌండ్ల బాకీ ఉందని దావా చేశాడు. ఆర్కాటు నవాబుకు విపరీతమైన వడ్డీలకు అప్పులిచ్చి, పన్నుల రాబడిని తాకట్టు పట్టిన తెల్లదొరల్లో అతనిది పెద్ద చేయి. 1785 ఫిబ్రవరి 28న ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో గంటల తరబడి మాట్లాడింది ఈ అప్పుల మీదే. నవాబు ఏలుబడిలో నెల్లూరు, ఒంగోలు సీమలు కూడా ఉండేవి. 1801లో నవాబు ఏలిన కర్ణాటక రాజ్యం కంపెనీ పరమైనప్పుడు ఇవీ వెళ్లాయి. తర్వాత కూర్చున్న విచారణ సంఘం నవాబు మీద వచ్చిన దావాల్లో పదింట తొమ్మిదికి పైగా చెల్లవని తేల్చింది. వడ్డీలు కట్టటానికి కళ్లాల్లో ధాన్యం కొలిచి ఇచ్చిన రైతులకు ఆ తీర్పు వల్ల ఒక్క గింజ తిరిగి రాలేదు. బెన్‌ఫీల్డ్ 1810లో ప్యారిస్‌లో చితికిపోయి చచ్చిపోయాడు. అక్కడి ఇంగ్లీషువాళ్లు చందా వేసుకుని పాతిపెట్టారు.

లండన్ పార్కులో గుర్రం షోకు, పెన్నా ఒడ్డున పన్ను బకాయి. ఈ రెంటినీ ఒకే రాగిరేకు మీద గీసినవాడు లేడు. గీసి ఉంటే అతి అంటే ఏమిటో అంతకంటే స్పష్టంగా చెప్పటం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

గిల్రే కూడా ఈ లెక్కకు బయట లేడు. 1797 నుంచి ప్రధాని పిట్ ప్రభుత్వం పక్షాన అతనికి రహస్యంగా ఏడాదికి 200 పౌండ్ల భరణం అందింది, అతని సూది పదును ఎక్కువగా ప్రతిపక్షం మీదికే తిరిగింది. చూపు మందగించి, మతి చలించి, హన్నా హంఫ్రీ సంరక్షణలో 1815 జూన్ 1న పోయాడు. అతను గీసిన భోగి ఆ తర్వాత అయిదేళ్లకు నాలుగో జార్జ్‌గా రాజయ్యాడు. రాజును అనైతికమైన తీరులో గీయనని ఒప్పుకున్నందుకు 1820లో జార్జ్ క్రుయిక్‌షాంక్ అనే కొత్త తరం చిత్రకారుడికి 100 పౌండ్లు ముట్టాయి. ఈ సొమ్ములు తీసుకున్నందుకు వాళ్లను తప్పుపట్టాలి. 1792 జూలైలో గిల్రే చూపిన సత్యం మాత్రం దానివల్ల అబద్ధం కాదు.

బ్రిటిష్ మ్యూజియంలో ఈ బొమ్మ ప్రతి ఉంది. చూసే అవకాశం కలిగినవారు ఆ పొట్టనూ ఆ ముఖాన్నీ కాసేపు వదిలేయండి. కుడివైపు మూలకు వెళ్లి, పాత్ర కింద మడతపడి ఉన్న ఆ కాగితాల మీది చిన్న అక్షరాలను ముందుగా చదవండి. అక్కడ మాంసం కొట్టువాడు ఇంకా ఎదురుచూస్తున్నాడు.